దవడ ఎముక సన్నగా ఉంది, చీల్చి వెడల్పు చేస్తామంటున్నారు. ఒప్పుకోవాలా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్తే. నాకు 57 ఏళ్లు. కింది దవడలో కుడివైపు మొదటి పెద్ద దవడ పన్ను, దాని ముందున్న చిన్న దవడ పన్ను తీయించుకుని 6 ఏళ్లు దాటింది. అప్పట్నుంచి ఎడమవైపే నములుతున్నాను, అలవాటైపోయింది. ఇప్పుడు ఇంప్లాంట్లు (ఎముకలో స్క్రూలా బిగించి పైన పన్ను కట్టేవి) పెట్టించుకుందామని వెళితే ఎముక సన్నబడిపోయిందన్నారు. స్కాన్ తీసి, పైన 4 మిల్లీమీటర్లే ఉంది, 5 మి.మీ. కిందికి వెళితే 7 ఉంది, నరం దాకా ఎత్తు 14 ఉంది అని రాసిచ్చారు. ఒక డాక్టరు ఎముకను మధ్యలో చీల్చి వెడల్పు చేసి అదే రోజు ఇంప్లాంట్లు పెట్టేస్తానన్నారు. రెండో ఆయన అలా వద్దు, ఎముక పొడి వేసి 6 నెలలు ఆగుదాం అన్నారు. మూడో చోటికి వెళితే ఇవన్నీ ఎందుకు, సన్నటి ఇంప్లాంట్లు ఉన్నాయి కదా అన్నారు. ముగ్గురూ మూడు మాటలు చెబితే ఎవర్ని నమ్మాలి? ఎముక చీలుస్తారంటేనే గుండెల్లో దడ. వీడియోలో సుత్తితో కొట్టడం చూశాక నిద్ర పట్టడం లేదు. దవడ విరిగిపోదా? ఇంకా ఎన్నాళ్లు ఆగొచ్చు? (షుగర్ ఉంది, మాత్రలతో కంట్రోల్లోనే ఉంది. ఎముకలు గుల్లబారాయని ఏడాదికోసారి ఒక ఇంజెక్షన్ వేయించుకుంటున్నాను. అంతకుమించి మందులేమీ లేవు.)

జవాబు: అమ్మా, మీరు చివర్లో బ్రాకెట్లో పెట్టి, పోతూ పోతూ చెప్పినట్టు రాసిన మాట దగ్గరే మొదలుపెడతాను. చీల్చడం, పొడి వేయడం, సన్నటి ఇంప్లాంటు, ఇవన్నీ తర్వాత. ముందు ఆ ఏడాదికోసారి ఇంజెక్షన్ పేరేమిటో పాత చీటీ తీసి చూడండి. ఏడాదికోసారి అంటున్నారు కాబట్టి చాలావరకు జోలెడ్రోనిక్ యాసిడ్ అయి ఉంటుంది. ఆ సంగతి ఈ ముగ్గురు డాక్టర్లలో ఎవరికైనా చెప్పారా? మీ ఉత్తరం చదివితే చెప్పినట్టు అనిపించలేదు, వాళ్లు అడిగినట్టూ లేదు. పళ్ల డాక్టరుకి ఎముకల ఇంజెక్షన్‌తో పనేమిటని చాలామంది చెప్పరు. కానీ దవడ ఎముకను కోయబోయే మనిషికి మీరు చెప్పాల్సిన మొట్టమొదటి విషయం అదే.

ఎందుకంటే, మన ఎముకలో పాతదాన్ని తినేసే కణాలు కొన్ని, కొత్తది కట్టే కణాలు కొన్ని ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. ఈ మందు తినే కణాల జోరు తగ్గిస్తుంది, అందుకే గుల్లబారడం నెమ్మదిస్తుంది, తుంటి విరగడం, వెన్నుపూసలు నలగడం తగ్గుతాయి. మంచి మందే, సందేహం లేదు. అయితే దెబ్బ తగిలిన ఎముక మానాలంటే పాతది తీసేసే ఆ కణాలు కూడా కావాలి. దవడ ఎముక మిగతా ఎముకల్లాంటిది కాదు, పైన పల్చటి చిగురు, దాని మీద నోట్లోని సూక్ష్మజీవులు, నమిలినప్పుడల్లా ఒత్తిడి. అందుకని ఈ మందులు వాడేవాళ్లలో కొందరికి పన్ను తీసిన చోటో, ఆపరేషన్ చేసిన చోటో చిగురు మూసుకోక ఎముక బయటికి కనబడుతూ ఉండిపోతుంది. 8 వారాలు దాటినా మానకపోతే దాన్ని ఈ మందు వల్ల వచ్చిన దవడ ఎముక సమస్యగా లెక్కిస్తారు.

కంగారు పడకండి. క్యాన్సర్ రోగులకు తరచుగా, పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడే ఈ రిస్కు బాగా ఎక్కువ. గుల్లబారిన ఎముకలకు ఏడాదికోసారి వేయించుకునేవాళ్లలో అరుదు. ఈ ఇంజెక్షన్ తీసుకుంటూ ఇంప్లాంట్లు పెట్టించుకుని హాయిగా ఉన్నవాళ్లు ఎందరో ఉన్నారు. కాకపోతే ఏళ్ల తరబడి వాడినా, స్టెరాయిడ్లు తోడైనా, షుగర్ సరిగా లేకపోయినా రిస్కు పెరుగుతుంది. మీకు షుగర్ ఉంది. అందుకని, ఈ ఇంజెక్షన్ ఎన్నేళ్లుగా వేయించుకుంటున్నారు, చివరి డోసు ఎప్పుడు అన్నది కాగితం మీద రాసి, పళ్ల డాక్టరు మీ ఎముకల డాక్టరుతో ఫోన్లోనైనా మాట్లాడేలా చూడండి. ఈసారి ఇంజెక్షన్ మానేద్దాంలే, అప్పుడు ఆపరేషన్‌కి ఇబ్బంది ఉండదని మీరే నిర్ణయించేసుకోవద్దు. జోలెడ్రోనిక్ యాసిడ్ ఎముకలో ఏళ్లపాటు ఉండిపోతుంది, ఒక డోసు మానినంత మాత్రాన ఒంట్లోంచి పోదు. ఒకవేళ మీది 6 నెలలకోసారి వేసే డెనోసుమాబ్ అయితే దానికి ఇంకో గొడవ ఉంది, డోసు ఆలస్యమైతే ఎముక ఒక్కసారిగా తరిగిపోయి వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంటుంది. ఆపడమా, ఎప్పుడు ఆపరేషన్ పెట్టుకోవడమా అన్నది ఆ ఇద్దరు డాక్టర్లూ తేల్చాలి.

దీనివల్ల మీ ముగ్గురు డాక్టర్ల మాటల్ని చూసే పద్ధతే మారిపోతుంది. ఎముక మీద పని ఎంత తక్కువైతే మీకు అంత మంచిది. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకుని మిగతాది చదవండి.

ఇప్పుడు మీ ఎముక ఎందుకు సన్నబడిందో చెబుతాను. పన్ను వేరు చుట్టూ ఉండే ఎముకలో కొంత భాగం బతికేదే ఆ పన్ను కోసం. బుగ్గవైపు గోడ మరీ పల్చగా ఉంటుంది, దానికి రక్తం చాలావరకు పన్నును ఎముకకు పట్టి ఉంచే పొరలోంచి వస్తుంది. పన్ను పీకగానే ఆ పొర పోతుంది, ఆ గోడ కరగడం మొదలవుతుంది. మొదటి ఏడాదిలో వెడల్పులో సగం దాకా పోవచ్చు, అందులోనూ మూడింట రెండు వంతులు మొదటి 3 నెలల్లోనే. ఎత్తు అంతగా తగ్గదు, అందుకే మీకు ఎత్తు 14 ఉంది, వెడల్పు 4 ఉంది. పన్ను తీసిన రోజే ఆ గుంతలో గ్రాఫ్ట్ (ఎముక పొడి లాంటిది) వేసి ఉంటే తరుగుదల కొంత తగ్గేది, కానీ 6 ఏళ్ల కిందటి సంగతి ఇప్పుడెందుకు. మీ ఇంట్లో ఇంకెవరికైనా పన్ను తీయాల్సి వస్తే మాత్రం పీకేముందే ఆ సంగతి అడగమనండి.

4 మి.మీ. ఎందుకు చాలదంటే, మామూలు ఇంప్లాంటు మందమే దాదాపు 4 మి.మీ. దాని చుట్టూ ఎముక గోడ ఉండాలి, బుగ్గవైపు కనీసం ఒకటిన్నర, వీలైతే 2 మి.మీ., నాలుకవైపు కనీసం 1. కూడితే ఆరున్నర నుంచి 7 అయింది. అంతకన్నా సన్నటి ఎముకలో బలవంతంగా దించితే ఇంప్లాంటు నిలబడొచ్చు, కానీ పల్చబడిన గోడ తర్వాత్తర్వాత కరిగి, చిగురు కిందికి జారి, స్క్రూ మరలు బయటపడతాయి. రెండు మూడేళ్లు బాగానే ఉందండీ, ఇప్పుడేమో చిగురు లోంచి నల్లగా ఏదో కనబడుతోందండీ అని వచ్చేవాళ్లలో కొందరి కథ ఇదే.

మీకు రాసిచ్చిన కాగితంలో నాకు నచ్చింది ఆ రెండో అంకె. పైన 4, 5 మి.మీ. కిందికి 7. చాలామంది ఎముక వెడల్పు ఇంత అని ఒకే అంకె చెప్పి ఊరుకుంటారు, దాంతో ఏమీ తెలియదు. దవడంతా ఒకే బొమ్మలో చూపే మామూలు ఓపీజీ ఎక్స్‌రేలో అయితే వెడల్పు అసలు కనబడనే కనబడదు, ఎముకను పక్కనుంచి చూసిన బొమ్మ అది. దవడను అన్నివైపుల నుంచీ తీసే సీబీసీటీ స్కాన్‌లోనే అడ్డకోత కనబడుతుంది. ఈసారి వెళ్లినప్పుడు ఆ అడ్డకోత బొమ్మ స్క్రీన్ మీద పెట్టి చూపించమనండి. అంచు చుట్టూ తెల్లటి గీత కనబడుతుంది, అది గట్టి ఎముక. లోపల బూడిద రంగులో జల్లెడలా ఉండేది మెత్తటి ఎముక. కింద గుండ్రటి చుక్కలా నల్లగా కనబడేది నరం వెళ్లే దారి. మీ అంకెల్ని బట్టి పైన కొసదేరి, కిందికి వచ్చేసరికి లావెక్కే ఆకారం కనబడాలి. పైన రెండు తెల్లగీతల మధ్య బూడిద రంగు ఉందా, లేక రెండు తెల్లగీతలూ కలిసిపోయి ఒకటే గీతలా ఉందా అన్నది చూడండి, అంటే డాక్టరునే వేలు పెట్టి చూపించమనండి. మధ్యలో మెత్తటి ఎముక లేకపోతే చీల్చడానికి అక్కడ చోటే లేదు. రెండు గోడలు, మధ్యలో కాస్త మెత్తటిది, కలిపి కనీసం 3 మి.మీ. అయినా ఉండాలి.

చీల్చడం అంటే మీరు ఊహించుకుంటున్నంత ఘోరంగా ఏమీ ఉండదు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక చిగురు తెరిచి, ఎముక గట్టు నడినెత్తిన సన్నటి గాడి కోస్తారు, పక్క పళ్ల వేళ్లకు తగలకుండా కొంచెం ఎడం వదిలి. రెండు చివర్లా బుగ్గవైపు నిలువుగా చిన్న కోతలు పెడతారు. తర్వాత ముందు సన్నటి ఉలి, ఆపైన కాస్త మందంది, ఇంకాస్త మందంది, అలా నెమ్మదిగా దించుకుంటూ బుగ్గవైపు గోడను బయటికి జరుపుతారు. గోడ అడుగు భాగం విరగకుండా అంటుకునే ఉండాలి, పైభాగం మాత్రమే తెరుచుకోవాలి. ఆ మధ్యలో వచ్చిన ఖాళీలో ఇంప్లాంటు పెట్టి, మిగిలిన సందుల్లో ఎముక పొడి నింపి, పైన పొర కప్పి కుట్లు వేస్తారు. సగటున 3 మి.మీ. దాకా వెడల్పు పెరుగుతుంది. ఇది కొత్తగా వచ్చిన విద్యేమీ కాదు, 1980ల నుంచీ చేస్తున్నారు. సరైన మనిషికి సరైన చోట చేస్తే ఇలా పెట్టిన ఇంప్లాంట్లు నూటికి 95కి పైగా నిలబడుతున్నట్టు అధ్యయనాలు చెబుతున్నాయి, మామూలు ఎముకలో పెట్టినవాటికి పెద్దగా తీసిపోవు. (ఆ అధ్యయనాల్లో పై దవడ కేసులు బాగా ఎక్కువ, అది వేరే సంగతి. అసలు మన విషయంలో అదే ముఖ్యమైన సంగతి.)

దవడ విరుగుతుందా అన్నారు. పని జరిగేది దవడ పైఅంచున, కొద్ది మిల్లీమీటర్ల లోతులో, కాబట్టి దవడ మొత్తం విరుగుతుందన్న భయం పెట్టుకోకండి. విరిగేది ఏదైనా ఉంటే ఆ బుగ్గవైపు పల్చటి గోడ. ఈ ఆపరేషన్‌లో తరచుగా వచ్చే తలనొప్పి అదే. గోడ ముక్క ఊడి చేతికి వస్తే, దానికి చిగురు అతుక్కుని ఉన్నంతవరకు ఫర్వాలేదు, చిన్న స్క్రూలతో బిగించి పొడి వేసి మూసేస్తారు, కాకపోతే ఆ రోజు ఇంప్లాంటు పెట్టడం కుదరకపోవచ్చు. చిగురు కూడా వలిచేసి ఉంటే ఆ ముక్కకు రక్తం అందదు, కరిగిపోతుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు బుగ్గవైపు చిగురును పూర్తిగా వలవకుండా గోడకు అంటిపెట్టుకునే ఉంచుతారు.

ఇక పై దవడకి, కింది దవడకి తేడా. పచ్చి వెదురును చీలిస్తే బద్ద వంగుతుంది, ఎండిన వెదురును చీలిస్తే ఫట్‌మని పగులుతుంది. పై దవడ ఎముక మెత్తన, వంగే గుణం ఎక్కువ. కింది దవడ, అందులోనూ వెనకవైపు, బయటి గోడ మందంగా గట్టిగా ఉంటుంది, వంగదు. మీకు పళ్లు పోయింది సరిగ్గా అక్కడే. అందుకే అదే రోజు చీల్చి, అదే రోజు ఇంప్లాంటు పెట్టేస్తానన్న మొదటి డాక్టరు మాట నాకు అంతగా మింగుడుపడలేదు. ఆయనకు రాదని కాదు, పై దవడలో ముందు పళ్ల దగ్గర అయితే నేనూ సరే అనేవాణ్ణి. కింది దవడ వెనకభాగంలో దీన్ని రెండు విడతల్లో చేయడం భద్రం. మొదటిసారి బుగ్గవైపు గోడకు చుట్టూ కోత పెట్టి, ఏమీ జరపకుండా చిగురు మూసి కుట్టేస్తారు. 3, 4 వారాల్లో చిగురు మళ్లీ ఎముకకు అతుక్కుని రక్తం అందుతుంది. రెండోసారి పైన మాత్రమే తెరిచి నెమ్మదిగా విప్పుతారు. గోడ విరిగినా చిగురు దాన్ని పట్టుకునే ఉంటుంది, ఎండిపోదు.

ఇంకోటి, మీకు పోయిన ఆ చిన్న దవడ పన్ను ఉంది చూశారూ, సరిగ్గా ఆ వేరు దగ్గరే ఎముకలోంచి ఒక నరం బయటికి వస్తుంది. కింది పెదవికి, గడ్డానికి స్పర్శ ఇచ్చేది అదే. చీల్చేటప్పుడు ముందువైపు పెట్టే నిలువు కోత దాని దరిదాపుల్లోకే వస్తుంది. నరం నలిగితే పెదవి, గడ్డం తిమ్మిరెక్కినట్టు ఉంటాయి, వారాల్లోనో నెలల్లోనో తగ్గొచ్చు, కొందరికి పూర్తిగా తగ్గదు. ఆ రంధ్రం ఎక్కడుందో స్కాన్‌లో చూపించి, కోత ఎంత దూరంలో పెడతారో చెప్పమని అడగండి. ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పే డాక్టరు దగ్గరే కూర్చోండి.

సుత్తి సంగతి. ఇప్పుడు చాలాచోట్ల పీజో అనే పరికరం వాడుతున్నారు, అల్ట్రాసౌండ్ కంపనంతో ఎముకను సన్నగా కోస్తుంది, చిగురు, నరం లాంటి మెత్తటి భాగాలు దానికి అంత తేలిగ్గా తెగవు. స్క్రూలా తిప్పుతూ వెడల్పు చేసే పరికరాలూ ఉన్నాయి, వాటితో కొట్టే పనే ఉండదు. సుత్తి వాడినా అది చిన్నది, దెబ్బలు తేలికపాటివి, మత్తులో నొప్పి తెలియదు, తల అదిరిన శబ్దం మాత్రం వినబడుతుంది, అది కొంచెం టెన్షన్ పెట్టే మాట నిజమే. పై దవడలో ఇలా కొట్టించుకున్న కొందరికి తర్వాత కొన్నాళ్లు తల తిప్పితే కళ్లు తిరుగుతాయి, లోపలి చెవిలో ఉండే సన్నటి స్ఫటికాలు ఆ అదురుకు కదిలిపోవడం వల్ల. ఈఎన్‌టీ డాక్టరు తలను ఒక పద్ధతిలో తిప్పి వాటిని సరిచేస్తారు. మీది కింది దవడ, మీకు ఆ బాధ తక్కువ.

వీడియోల మాట వచ్చింది కాబట్టి, అంగిలికి లోహపు చట్రం పెట్టి, తాళంచెవి లాంటిదాన్ని రోజూ తిప్పుతూ దవడ వెడల్పు చేసే వీడియోలు మీకు ఎదురైతే అవి మీకోసం కాదు. పళ్లు గుమిగూడిన పిల్లలకు పై దవడ విశాలం చేసే చికిత్స అది. రెండూ కలిపి చూసి భయపడేవాళ్లు చాలామందే ఉన్నారు.

రెండో డాక్టరు చెప్పింది ఎముక పొడి. గట్టు పక్కన, బుగ్గవైపు, చిన్న చిన్న రంధ్రాలు చేసి రక్తం ఊరేలా చేసి, అక్కడ ఎముక పొడి పేర్చి, పైన ఒక పొర కప్పి, సన్నటి పిన్నులతో కదలకుండా బిగించి కుట్టేస్తారు. పొర పని ఏమిటంటే, చిగురు కణాలు తొందరగా పెరిగి ఆ చోటు ఆక్రమించకుండా ఆపి, నెమ్మదిగా పెరిగే ఎముకకు టైమివ్వడం. 4 నుంచి 9 నెలలు పడుతుంది, 6 అన్నది సబబైన అంకె. మీ గోడను విరిచే పని ఉండదు, కింది దవడలో గట్టిగా ఉండి వంగని ఎముకకు ఇదే ఎక్కువమంది ఎంచుకునే దారి. ఇందులో తలనొప్పి వేరు, కుట్లు విడిపోయి పొర బయటపడటం. పొడి పేర్చాక లోపల లావెక్కుతుంది కదా, పైన చిగురు దాన్ని కప్పడానికి చాలదు, లాగి బిగించి కుడితే కొన్ని రోజులకు విచ్చుకుంటుంది. అందుకే చిగురు లోపలివైపు పొరను కోసి, సాగేలా చేసి, ఒత్తిడి లేకుండా మూయాలి. షుగర్ ఉన్నవాళ్లలో, పొగ తాగేవాళ్లలో విచ్చుకోవడం ఎక్కువ. మీ ఇంజెక్షన్ సంగతి కూడా ఇక్కడే గట్టిగా లెక్కలోకి వస్తుంది, పుండు మానకపోతే కింద ఉన్న ఎముక బయటపడుతుంది కాబట్టి.

పొడి దేంతో చేశారో అడిగే హక్కు మీకుంది, మొహమాటపడకండి. ఆవు ఎముకలోంచి, పంది ఎముకలోంచి, దానం చేసిన మనిషి ఎముకలోంచి శుద్ధి చేసి తీసినవి ఉంటాయి, ల్యాబ్‌లో ఖనిజాలతో తయారుచేసినవీ ఉంటాయి, మీ దవడలోంచే గీకి తీసిన ఎముకను వాటితో కలుపుతారు. పైన కప్పే పొర కూడా చాలావరకు జంతువుల కొల్లాజెనే. కొందరికి ఇవి అభ్యంతరం ఉండవు, కొందరికి ఉంటాయి, ఆపరేషన్ అయ్యాక తెలిసి బాధపడటం కన్నా ముందే చెబితే వేరేది వాడతారు.

గడ్డం దగ్గర్నుంచో, వెనక దవడ మూల నుంచో ఎముక దిమ్మ కోసి అతికించే పద్ధతి కూడా ఉంది, మీకు ఎవరూ చెప్పలేదు, చెప్పకపోవడమే మంచిది. మీ పరిస్థితిలో రెండోచోట ఎముకను గాయపరచడం నేను ఒప్పుకోను.

మూడో డాక్టరు మాట, సన్నటి ఇంప్లాంట్లు. మూడున్నర మి.మీ. కన్నా సన్నవి నిజంగానే మంచివి వస్తున్నాయి, టైటానియం, జిర్కోనియం కలిపిన మిశ్రమంతో బలంగా చేస్తున్నారు. ముందు పళ్ల దగ్గర, ముఖ్యంగా కింది ముందు పళ్లకు, వాటిని మించింది లేదు. కానీ పెద్ద దవడ పన్ను మీద పడే ఒత్తిడి వేరు. సన్నటి కాండం మీద వెడల్పాటి పన్ను తల పెడితే స్క్రూ వదులవడం, విరగడం, చుట్టూ ఎముక కరగడం ఎక్కువయ్యే అవకాశం ఉంది. చిన్న దవడ పన్ను చోట ఒప్పుకోవచ్చు. పెద్ద దవడ పన్ను చోట ఒక్కటే సన్నటిది పెట్టి ఊరుకుంటానంటే నేను వద్దంటాను. రెండు ఇంప్లాంట్లనూ కలిపి పైన ఒకే క్రౌను (పన్ను తొడుగు) ముక్కగా బిగిస్తే ఒత్తిడి పంచుకుంటాయి, అప్పుడు ఆలోచించొచ్చు. రాత్రిళ్లు పళ్లు కొరికే అలవాటు ఉంటే అదీ కష్టమే. అయినా మీ 4 మి.మీ. కొసలో 3.3 మి.మీ. ఇంప్లాంటు పెట్టినా చుట్టూ మిగిలేది ఎంత, ఒక్కోవైపు మి.మీ.లో మూడో వంతు. కాబట్టి ఆయన చెప్పినంత సులువుగా, ఏ తోడూ లేకుండా అది కుదిరే పని కాదు.

మీ ముగ్గురిలో ఎవరూ చెప్పని నాలుగో మాట ఒకటి ఉంది. మీకు ఎత్తు 14 ఉంది. నరానికి పైన 2 మి.మీ. ఎడం వదలాలి, 10 మి.మీ. పొడవు ఇంప్లాంటు అనుకుంటే 12 చాలు. అంటే పైనున్న ఆ కొసదేరిన భాగంలో 2 మి.మీ. చెక్కేసి చదును చేస్తే, మిగిలిన ఎముక పైన దాదాపు 5 మి.మీ. వెడల్పుగా, 3 మి.మీ. కిందికి 7 అవుతుంది. అక్కడ మూడున్నర, నాలుగు మి.మీ. ఇంప్లాంటు దించి, బుగ్గవైపు పైన పల్చగా ఉన్న కొద్ది భాగానికి అదే పూట కాస్త పొడి వేసి మూయొచ్చు. ఒకే ఆపరేషన్, గోడ విరిచే పని లేదు, 6 నెలలు ఆగి మళ్లీ కోసే పని లేదు. నష్టమేమిటంటే క్రౌను కొంచెం పొడుగ్గా వస్తుంది, దవడ వెనకాల అది ఎవరికీ కనబడదు, శుభ్రం చేసుకోవడం మాత్రం ఇంకాస్త జాగ్రత్తగా చేయాలి. స్కాన్ నేను చూడలేదు, అంకెల మీద చెబుతున్నాను, నాలుకవైపు ఎముక లోపలికి గుంటపడి ఉంటే ఈ లెక్క తప్పుతుంది. కానీ ఈ ప్రశ్న మీరు అడిగి తీరాలి: పైన కొంచెం తగ్గిస్తే కుదరదా డాక్టరుగారూ, అని. మీరిచ్చిన అంకెల్ని బట్టి నేను మొగ్గు చూపేది ఇటువైపే.

ఇక ఎముకల డాక్టరు ఇప్పుడు ఎముక జోలికి పోకపోవడమే మంచిదంటే, బ్రిడ్జి ఉంది. అటూ ఇటూ ఉన్న పళ్లు గట్టిగా ఉంటే వాటిని అరగదీసి క్యాపులు వేసి మధ్యలో రెండు పళ్లు వేలాడదీస్తారు. అరగదీయడం నాకూ ఇష్టం ఉండదు, ముఖ్యంగా ఆ పళ్లు ఏ మచ్చా లేనివైతే. కానీ వాటికి ఇప్పటికే రూట్ కెనాలో, పెద్ద ఫిల్లింగో ఉండి ఎలాగూ క్యాపు పడాల్సినవైతే బ్రిడ్జి చక్కటి పరిష్కారం, ఎవరూ దాన్ని పాత చింతకాయ పచ్చడి అని తీసిపారేయకూడదు. తీసిపెట్టుకునే పళ్ల సెట్టు కూడా ఉంది, దాంతో అందరికీ సుఖం ఉండదు.

ఇంప్లాంటే అని తేలితే, ముందు షుగర్. కంట్రోల్లోనే ఉంది అని రాశారు, పొద్దున్నే చూసే ఒక్క రీడింగ్ మీద ఆ మాట అనొద్దు, 3 నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించి ఆ కాగితం తీసుకెళ్లండి. 7 దరిదాపుల్లో ఉంటే డాక్టర్లు నిశ్చింతగా ఉంటారు, 8 దాటితే చాలామంది ఆగి తగ్గించుకు రమ్మంటారు. మిగతా పళ్ల చిగుళ్లలో వాపు, రక్తం కారడం ఉంటే అవి ముందు శుభ్రం చేయించాలి, ఒకవైపు చీము పెట్టుకుని ఇంకోవైపు ఇంప్లాంటు పెట్టడం తగదు. ఆపరేషన్ తర్వాత వాపు రెండు మూడు రోజుల దాకా పెరుగుతుంది, ఆ తర్వాత తగ్గుతుంది, మూడో రోజు బుగ్గ ఉబ్బిందని కంగారు పడేవాళ్లే ఎక్కువ. కానీ నాలుగైదు రోజుల తర్వాత మళ్లీ కొత్తగా ఉబ్బడం, జ్వరం, చీము రుచి, పెదవి తిమ్మిరి తగ్గకుండా ఉండిపోవడం ఉంటే మరుసటి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా వెంటనే వెళ్లండి. కుట్లు తీసేదాకా అటు బ్రష్ పెట్టకూడదు, ఇచ్చిన మౌత్‌వాష్ మెల్లగా పట్టి వదిలేయాలి, గట్టిగా పుక్కిలించడం, ఉమ్మడం చేస్తే గడ్డకట్టిన రక్తం కదిలిపోతుంది. ఎలాగూ మీరు ఎడమవైపే నమిలే అలవాటున్నవారు, ఇప్పుడు అది పనికొస్తుంది.

చివరికి, ఎన్నాళ్లు ఆగొచ్చు అన్నారు. ఎముక తరుగుదలలో వేగంగా జరగాల్సింది ఎప్పుడో జరిగిపోయింది, ఇప్పుడు ఏడాదికి తరిగేది చాలా తక్కువ. ఈ నెలలో చేయించుకోకపోతే ఎముక మిగలదని ఎవరైనా తొందరపెడితే వినకండి, ఎముకల డాక్టరుతో మాట్లాడి, షుగర్ చూసుకుని, ఇంకో 3, 4 నెలలు పట్టినా నష్టం లేదు. ఆగకూడనిది వేరే ఉంది. ఆ ఖాళీకి ఎదురుగా ఉన్న పై పళ్లు, కింద ఆనుకోవడానికి ఏమీ లేక, 6 ఏళ్లుగా కొద్దికొద్దిగా కిందికి దిగుతూ ఉంటాయి, వెనకున్న పన్ను ఖాళీలోకి ఒరుగుతుంది. ఎముకను ఎంత వెడల్పు చేసినా పైన క్రౌను పట్టడానికి చోటు లేకపోతే అంతా వృథా. పళ్లు కలిపి కొరికి పట్టుకుని, బుగ్గ పక్కకు లాగి, కింది చిగురుకి, పై పన్నుకి మధ్య ఎంత ఖాళీ ఉందో అద్దంలో చూడండి. 5, 6 మి.మీ. కన్నా తక్కువ కనబడితే ఎముక సంగతి కన్నా ముందు దాన్నే అడగండి.